సఫ్తా కొట్టిన గ్రహణం గంట

చర్చి గంటతాడు సఫ్తా చేతికొచ్చి పందొమ్మిదేళ్ళయింది. అంతకుముందు ఆ పని ఆమె భర్త మిత్రుది. గోపురం మెట్ల మీదనుంచి పడి అతను పోయాక, తాడు ఎవరికివ్వాలో తేల్చుకోలేక పెద్దలు మూడు వారాలు నాన్చారు. నాలుగో ఆదివారం ఈవిడ ఎవర్నీ అడక్కుండా పైకెక్కి గంట కొట్టేసింది. దాంతో గొడవ తీరింది. మా లోయలో పుట్టినవాడికైనా పోయినవాడికైనా ఆవిడ చెయ్యి పడాల్సిందే. వడగళ్ళ మబ్బు కమ్ముకొస్తే ప్లమ్ తోటల్ని కాపాడేదీ ఆ గంటే. చావుకి ఒక తీరు, వడగళ్ళకి ఒక తీరు, బాప్తిస్మానికి మూడేసి దెబ్బలు, నిదానంగా. కళ్ళు మూసుకుని విన్నా ఊళ్ళో ఏం జరిగిందో తెలిసిపోయేది.

తొంభైతొమ్మిది ఆగస్టు పదకొండున మిట్టమధ్యాహ్నం చీకటి పడుతుందని టీవీ వాళ్ళు నెల రోజులనుంచీ చెవులు చిల్లులు పడేలా చెప్పారు. రాజధాని బుకారెస్టు వాళ్ళు నల్లద్దాలు పెట్టుకుని పండక్కి వచ్చినట్టు కార్లలో దిగారు. మావాళ్ళకి అంత సరదా లేదు. బావుల మీద చెక్కలు కప్పారు. ఆవుల్ని కొట్టంలోకి తోలారు. కడుపుతో ఉన్నవాళ్ళని గడప దాటనివ్వలేదు.

సోమవారం పొద్దున సఫ్తా చిక్కుళ్ళు వొలుచుకుంటుంటే పక్కింటి డొమ్నికా కంచె దగ్గరికొచ్చింది.

"వదినా, ఎల్లుండి గంట వడగళ్ళకి కొట్టినట్టు కొట్టాలి. చీకటి పడ్డ దగ్గర్నుంచీ వెలుగొచ్చేదాకా ఆపకూడదు. కింద మేం పళ్ళేలు, మూకుళ్ళు వాయిస్తాం. కానీ గంట లేందే అది బెదరదు."

"బెదరడానికి అదేమన్నా కాకా?"

"నీకు వేళాకోళంగా ఉంది. మా అమ్మాయి రుక్సాండ్రాకి ఎనిమిదో నెల. మొదటి కడుపు అయిదో నెలలోనే పోయింది. ఈసారి ఏదైనా అయితే నేను బతకను. సూర్యుణ్ణి తినే ఆ వర్కొలాక్ ఎక్కణ్ణుంచొస్తుందో నీకు తెలీదా? బాప్తిస్మం లేకుండా పోయిన పసిగుడ్లే కదా అట్లా..." అని డొమ్నికా నాలుక కరుచుకుంది. సఫ్తా తల ఎత్తలేదు. చేతిలోని చిక్కుడుకాయ మాత్రం గింజలతో సహా నలిగిపోయింది.

డెబ్భై ఒకటి జనవరిలో సఫ్తాకి మగపిల్లాడు పుట్టాడు. లోయంతా మంచు, ఫాదర్ ఏటి అవతలి గట్టున చిక్కుకుపోయాడు. పిల్లాడి ఏడుపు సన్నగా ఉంది. మంత్రసాని నీళ్ళగిన్నె తెచ్చి, "ఫాదర్ లేకపోయినా పర్లేదు, నేను నీళ్ళు చల్లి పేరు పెడతాను" అంది. సఫ్తా ససేమిరా అంది. మంత్రసాని చేత బాప్తిస్మం ఇప్పించడమంటే పిల్లాడు బతకడని మనమే ఒప్పుకున్నట్టని మా ఆడవాళ్ళ భయం. "నా కొడుక్కేం, బంగారంలా ఉన్నాడు. ఫాదర్ వచ్చాకే" అంది. ఫాదర్ మూడో రోజు వచ్చాడు. పిల్లాడు రెండో రోజే పోయాడు. పేరు లేదు కాబట్టి సిలువ లేదు, గంట లేదు. శ్మశానం గోడకి ఇవతల ప్లమ్ చెట్టు కింద పెట్టారు. ఊరందరి బిడ్డలకీ గంట కొట్టిన మిత్రు చెయ్యి సొంత బిడ్డకి కొట్టలేదు.

అలాంటి పిల్లలు పేరు కోసం ఏడుస్తారనీ, ఆ ఏడుపు విన్నవాళ్ళు ఒక గుడ్డ విసిరి పేరు పెట్టి పిలిస్తే వాళ్ళకి విడుదలనీ ముసలమ్మలు చెప్పేవాళ్ళు. సఫ్తా ఏళ్ళ తరబడి ఆ చెట్టు కింద కూర్చుంది. ఎప్పుడూ ఏమీ వినపడలేదు.

మంగళవారం కొత్త ఫాదర్ దగ్గరికి వెళ్ళింది. "పోయిన పిల్లాడికి ఇప్పుడు పేరు పెట్టొచ్చా ఫాదర్?"

కుర్రవాడు, మంచివాడే. పుస్తకం తిరగేసి, "చనిపోయినవాళ్ళకి బాప్తిస్మం లేదమ్మా. దేవుడికి వదిలెయ్యి" అన్నాడు.

"ఇరవై ఎనిమిదేళ్ళు వదిలేశాను" అని వచ్చేసింది.

ఇక ఆవిడకి మిగిలింది తాడొక్కటే. కొడితే, తన బిడ్డని తన చేత్తోనే తరిమినట్టు. కొట్టకపోతే, రుక్సాండ్రా కడుపుకి ఏం జరిగినా ఊరు తననే వేలెత్తి చూపిస్తుంది. ఆ పిల్లంటే సఫ్తాకీ ప్రాణమే.

బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకే గోపురం ఎక్కింది. అప్పట్లో కొడుకు కోసం నేసిన బాప్తిస్మపు గుడ్డ నడుముకి చుట్టుకుంది. వెలుగు కొంచెం కొంచెంగా జబ్బుపడ్డట్టు పసుపు తిరిగింది. కోళ్ళు గూట్లోకి వెళ్ళిపోయాయి. కొండ మీదనుంచి చల్లటి గాలి దిగింది, ఆ వెనకే నీడ పరుగెత్తుకొచ్చి లోయని మూసేసింది. కింద పళ్ళేలు మోగాయి. సూర్యుడి చోట నల్లటి గుండ్రం, చుట్టూ తెల్లగా పసిపిల్లల జుట్టులాంటి వెలుగు.

"వదినా, గంట! గంట కొట్టు!" గోపురం కిందే ఉన్న వాకిట్లోనుంచి డొమ్నికా అరుపు.

సఫ్తా కొట్టలేదు. రెండు రోజులే పాలు తాగాడు, ఎంత ఆకలి మీదున్నాడో, తింటే తిననీ అనుకుంది. పళ్ళేల మోత మధ్య ఆవిడకి సన్నటి ఏడుపు వినపడింది. వినపడిందనే ఆవిడ చచ్చేదాకా చెప్పింది. నడుముకున్న గుడ్డ విప్పి చీకట్లోకి విసిరేసింది. "తోమా" అంది. "నీ పేరు తోమా, నాన్నా." అప్పుడు తాడు అందుకుంది. మూడు దెబ్బలు, నిదానంగా. మళ్ళీ మూడు. బాప్తిస్మం గంట.

నల్లటి గుండ్రం అంచున వెలుగు చుక్క పొడిచింది. కింద జనం కేరింతలు కొట్టారు. ఇంకొంచెం సేపు ఉండకూడదా అని సఫ్తా ఏడ్చింది.

మెట్లు దిగేసరికి డొమ్నికా ఎదురొచ్చి ఆవిడ చేతులు ముద్దు పెట్టుకుంది. "ఆలస్యం చేసి చంపావు, మా పళ్ళేల మోతలో ఏ తీరున కొట్టావో కూడా తెలీలేదు కానీ, ఎంత బాగా తరిమావు వదినా! ఇంకో వింత విను. ఆ చీకట్లో పైనుంచి ఒక తెల్లటి గుడ్డ మా వాకిట్లో పడింది. దేవుడి దీవెన కాక ఇంకేంటి? తీసుకెళ్ళి రుక్సాండ్రా కడుపుకి కట్టేశాను. కట్టగానే లోపల బిడ్డ గట్టిగా తన్నాడట."

సఫ్తా గోడ పట్టుకుని నిలబడింది. ఆ గుడ్డ ఎవరిదో చెబుదామని నోరు తెరిచింది. డొమ్నికా మొహంలో సంతోషం చూసి మళ్ళీ మూసుకుంది.

"ఏంటి వదినా, అట్లా అయిపోయావు?"

"పుట్టగానే నీళ్ళు చల్లు" అంది సఫ్తా. "ఫాదర్ కోసం కాచుక్కూచోకు."