కాక పాదంలో తెగిన తాడు

నా చిన్నప్పుడు, మేము గోదావరిఖనిలో ఉన్న రోజుల్లో, ఎవరి నడకనైనా ఒక్కసారి చూస్తే చాలు, అచ్చం అలాగే దింపేసేదాన్ని. తొమ్మిదేళ్లో పదేళ్లో ఉంటాయి. నలుగురూ నవ్వితే నాకు అదే పండగ.

మా పక్కింటి కాక గనిలో పట్టాల మీద నడిచే టబ్బుల్లోకి బొగ్గు నింపేవాడు. ఇంకా పర్మినెంటు కాలేదు. ఒకరోజు పదునైన బొగ్గు పెళ్ల జారిపడి ఆయన చీలమండ ముందువైపు కోసుకుపోయింది. దెబ్బ సంగతి బయటపడితే పేరు కొట్టేస్తారని భయపడి, దవాఖానకు పోకుండా పసుపద్ది గుడ్డ కట్టుకుని మర్నాడే డ్యూటీకి దిగాడు. పుండు మానింది కానీ పాదం పైకి లేవలేదు. వేళ్లు నేలకు తట్టుకోకుండా మోకాలు ఎత్తెత్తి నడిచేవాడు, అడుగు టప్పుమని పడేది. గనికి పోయేటప్పుడు గుంపు మధ్యలో దాక్కుని పోయేవాడు.

ఇదంతా మా అమ్మానాన్నలు గుసగుసగా అనుకుంటుంటే విన్నాను. తెలిసి కూడా, నల్లా దగ్గర ఆడవాళ్లను నవ్వించడానికి ఆ నడక నడిచి చూపించాను. అటుగా పోతున్న, గనిలో కూలీల పని చూసే సర్దారు కూడా నవ్వి, ఎవరిదీ నడక అని అడిగాడు. పొంగిపోయి కాక పేరు చెప్పేశాను.

వారం తిరగకుండానే కాకను డాక్టరు పరీక్షకు పంపారు. ఆ వెంటనే పనిలోంచి తీసేశారు.

వాళ్లు ఊరికి వెళ్లిపోయే రోజు, బండికెక్కించాల్సిన సామాను పక్కన కూర్చుని కాక నన్ను పిలిచాడు. కొడతాడనుకున్నాను. నా పాదాన్ని తన తొడ మీద పెట్టుకుని, పైకి ఎత్తమన్నాడు. చీలమండ ముందు తాడులాంటిది బిగిసి లేచింది. దాని మీద నా వేలే పెట్టించి, తర్వాత తన పాదం తడిమి చూడమన్నాడు. అక్కడ మచ్చ కింద మెత్తటి గుంట తప్ప ఏమీ లేదు.

"మోకాలు కింది కండ గీ తాడుతోనే పాదాన్ని పైకి గుంజుతదట బిడ్డా. తెగిన్నాడే వస్తే రెండు కొసలు కలిపి కుడుతుంటి అన్నడు డాక్టరు. దెబ్బ తాకితే ఎన్నడు దాసిపెట్టకు" అన్నాడు. అప్పటికే నేను వెక్కుతున్నాను. నా మొహం చూసి, "నువ్వు చెప్పుడే మంచిగయింది తియ్యి. లేకుంటె లోపల పట్టాల మీద బోర్లపడి టబ్బు కింద పోతుంటి" అన్నాడు.

వెనక మూట కడుతున్న ఆయన భార్య నా వైపు తలెత్తి చూడలేదు.

ఈనాటికీ మనవల కాలికి ఏ గాజుపెంకు గీసుకున్నా, ముందుగా పాదం పైకి ఎత్తించి చూసి నేరుగా దవాఖానకు తీసుకుపోతాను. ఆ తెలివి కాక ఇచ్చిందే. కానీ నన్ను ఊరడించడానికే ఆయన ఆ చివరి మాట అన్నాడని నాకు అప్పుడే తెలుసు. తప్పయిందని చెప్పకుండా, అవునన్నట్టు తలూపాను. ఎక్కిరించిన సిగ్గు ఏళ్లు గడిచేకొద్దీ కొంత పలచబడింది. తలూపిన సిగ్గు మాత్రం ఇంకా అలాగే ఉంది.