రిలీవర్ వచ్చేదాకా

మా బడి మా ఇంటి ఎదురుగానే ఉండేది. రోడ్డు దాటితే గేటు. అయినా ఏడో తరగతి దాకా నేను రోజూ ఆలస్యంగానే వెళ్లాను. ఆ తర్వాత ఎవరికీ ఇబ్బంది లేకుండా వెళ్లడమే మానేశాను. అలాంటి నాకు నలభై కిలోమీటర్ల అవతల, టైము దాటితే గేటు మూసేసే కంపెనీలో ఉద్యోగం ఇస్తామన్నారంటే, మా గల్లీలో నవ్వనివాడు లేడు. అందరికంటే ముందు నేనే నవ్వాను.

నా భార్య మాత్రం నవ్వలేదు.

అప్పటికి నేను సంగారెడ్డిలోనే, సీసా మూతలు చేసే చిన్న యూనిట్లో మెషీన్ మీద ఉన్నాను. కాంట్రాక్టు పని. యజమానికి కోపం వస్తే ఆ రోజుతో సరి. కానీ ఇంటికి నడిచిపోయేంత దూరం. రెండింటికి షిఫ్టు దిగి అన్నం వేళకు ఇంట్లో ఉండేవాణ్ని. నాలుగింటికి నా భార్య ప్రైవేటు ఆసుపత్రిలో ఆయా డ్యూటీ ఎక్కాలి. నాలుగేళ్ల పాపను గడపలోనే నాకు అప్పజెప్పేది. తిన్నదా, పడుకున్నదా, దగ్గు తగ్గిందా, అన్నీ చెప్పి మరీ. ఫ్యాక్టరీలో షిఫ్టు దిగేవాడు ఎక్కేవాడికి మెషీన్ అప్పజెప్పినట్టే. పక్క పోర్షన్ వాళ్లిద్దరూ కంపెనీలకే పోతారు కాబట్టి మాకు మేమే రిలీవర్లం.

పాప పుట్టినప్పుడు పని మానేసి, మూడేళ్లు ఇంట్లో ఉండి, తిరిగి తిరిగి మళ్లీ సంపాదించుకున్న పని ఆమెది. ఆలస్యం గురించి సూపర్‌వైజరమ్మ అప్పటికే ఒకసారి గట్టిగా చెప్పింది. ఇంకోసారి అయితే వేరే మనిషిని చూసుకుంటానంది.

కొత్త ఉద్యోగం గడ్డపోతారంలో, మందుల కంపెనీలో. ఒకప్పుడు మా మూతల యూనిట్లోనే పనిచేసి అక్కడికి మారిన ఒక పెద్దాయన, మేమంతా భాయ్ అని పిలిచేవాళ్లం, ఎవరెవరినో బతిమాలి నా గురించి ఒక మాట వేశాడు. పర్మనెంటు. పిల్లకు జ్వరమొస్తే ఈఎస్ఐ కార్డు. క్యాంటీన్లో భోజనం. జేబు మీద పేరు కుట్టిన యూనిఫాం. నా పేరును అంతవరకు ఎవరూ దేనిమీదా కుట్టలేదు. సోమవారం లోపల ఏదో ఒకటి తేల్చమన్నారు.

వెళ్లనా, మాననా అని నా భార్యను అడిగితే, ముందు ఒకసారి పోయిరా, చూద్దాం అంది. తెల్లారకముందు పోవడానికి ఇద్దరికీ బెంగ లేదు, దారి ఖాళీ. బెంగంతా తిరిగి రావడానికే. అందుకని నా వారం సెలవు నాడు షేర్ ఆటోలు మారుతూ కంపెనీ దాకా వెళ్లి, రెండింటికి బయల్దేరే షిఫ్టు బస్సులో వెనక్కి రావాలనుకున్నాం. భాయ్ డ్రైవర్‌తో మాట్లాడి పెట్టాడు. ఆమె ఆ రోజు సెలవు పెట్టలేదు. నీకు ఉద్యోగం నిజంగా వచ్చినట్టే గడపలో కూర్చుంటానంది.

రెండయ్యేసరికి బస్సు నిండింది, షిఫ్టు దిగిన భాయ్ నా పక్కన కూర్చున్నాడు. డ్రైవర్ ఇంజన్ వేసి, మళ్లీ ఆపేశాడు. ఎందుకని అడిగితే, మందులు మరిగించే రియాక్టర్ ఆపరేటర్ ఒకడు రావాలన్నాడు భాయ్. అతని రిలీవర్ ఇంకా రాలేదట. రిలీవర్ రానిదే అతను మరిగే రియాక్టర్‌ను వదిలి కదలకూడదు, అతను రానిదే బస్సు కదలదు. రేపు నీకోసం కూడా ఇలాగే ఆగుతారు, మంచి పద్ధతే కదా అన్నాడు. మంచి పద్ధతే. ఆ రిలీవర్ కూడా మా బడిలోనే చదివి ఉంటాడని జోకు వేశాను. వెనక సీటు బిహారీ కుర్రాళ్లు నవ్వలేదు, వాళ్లకు తెలుగు రాదు. భాయ్ కూడా నవ్వలేదు. ఆయనకు వచ్చు.

ఎట్టకేలకు ఆ మనిషి చెమటలు కక్కుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. బస్సు కదిలింది. బొల్లారం దాటాం, పటాన్‌చెరు దాటాం. ముత్తంగి దగ్గర రింగురోడ్డు ఎక్కే లారీలు, దిగే లారీలు ఒకదానికొకటి అడ్డం పడి నిలబడిపోయాయి. మూడున్నర అయింది. ఫోన్ చేశాను.

"ముత్తంగిల ఆగిపోయినం. లేటయితది. పాపను ఎట్లన్న చేసి నీతోని..."

"అబ్బో, ముత్తంగిలనా? గల్లీ మలుపు కాడ నిలబడ్డవ్ గదా? జల్దీ రా, బువ్వ సల్లగైతంది."

తప్పు ఆమెది కాదు. ఇంటి పక్కన పనిచేసినన్నాళ్లూ నేను ఆడిన ఆటే అది. గల్లీ మలుపులో నిలబడి, జహీరాబాద్‌లో ఉన్నానని ఫోన్ చేసేవాణ్ని. ఆమె తిట్టడం పూర్తి కాకముందే తలుపు కొట్టేవాణ్ని. ఇప్పుడు ఒట్టు పెట్టాను. ఒట్లు కూడా ఆ ఆటలోవే. నవ్వి ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ముందున్న ట్యాంకర్ అంగుళం కూడా జరగలేదు. అక్కడ ఆమె చెప్పులు వేసుకుని, ఇక వస్తాడు, ఇక వస్తాడు అని గల్లీ వైపు చూస్తూ ఉంటుంది. భాయ్‌కు ఆమె నంబరు చెప్పాను.

భాయ్ తన ఫోన్ తీశాడు. తెలియని నంబరు కాబట్టి ఎత్తింది.

"బేటీ, మీ ఆయన మజాక్ చేస్తలేడు. ముత్తంగిలనే ఉన్నం. బస్సు కదుల్తలేదు."

ఆమె అడిగింది నాకూ వినపడింది.

"రోజు గిట్లనేనా, భాయ్?"

భాయ్ నా వైపు చూశాడు. ఇవాళ ఒక్కరోజే ఇలా అయింది అనేస్తే సరిపోయేది. అలాగే అనమని నేను కళ్లతో బతిమాలాను కూడా.

"రోజు కాదు, బేటీ. వారంల రెండు మూడు దినాలు."

ఆమె ఫోన్ పెట్టేసింది.

షిఫ్టు బస్సు ఇస్నాపూర్ దాకానే. అక్కడ భాయ్ దిగిపోయాడు. నేను ఇంకో బస్సు పట్టుకుని, ఇంటికి కాకుండా సూటిగా ఆసుపత్రికే వెళ్లాను. పాప ఓపీ ముందు బెంచీ మీద, వాళ్లమ్మ సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నా భార్య వరండాలో తుడుస్తోంది. ముందు షిఫ్టు ఆయా అప్పుడే బయటికి వస్తూ నన్ను ఒక చూపు చూసి వెళ్లింది. ఆమె కోసం కూడా ఎవరో గడపలో కూర్చునే ఉంటారు.

సూపర్‌వైజరమ్మ నా భార్యను అడగలేదు, నన్నే అడిగింది.

"ఇగ రోజు పిల్లను గిట్లనే తోల్కొస్తరా?"

నా భార్య తుడవడం ఆపింది. తల ఎత్తలేదు. నా నోట్లో ఎప్పుడూ నాలుగు జవాబులు సిద్ధంగా ఉంటాయి. అప్పుడు ఒకటే ఉంది.

"లేదు మేడం. ఇయ్యాల ఒక్కదినమే."

ఆమె మళ్లీ తుడవడం మొదలుపెట్టింది. నేను పాపను ఎత్తుకుని ఇంటికి నడిచాను.

సోమవారం భాయ్‌కు ఫోన్ చేసి రానని చెప్పాను. సరే తమ్మి, అన్నాడు, అంతే. మూతల యూనిట్లో యజమాని అరిచిన రోజుల్లో, ఆ రియాక్టర్ల దగ్గర నా బదులు ఎవరున్నారో అని ఇప్పటికీ అనుకుంటాను.

కొన్నాళ్లకు ఇంటికి చుట్టాలొచ్చారు. పాపను పక్కన కూర్చోబెట్టుకుని, సంసారం కోసం పర్మనెంటు ఉద్యోగాన్నే త్యాగం చేసిన మనిషినని వాళ్లకు కథ మొదలుపెట్టాను. డ్యూటీకి బయల్దేరుతున్న నా భార్య గడపలో ఆగింది.

"మూడేండ్లు నేను పని ఇడిసిపెట్టి ఇంట్ల ఉంటే, నీ నోటెంట త్యాగమన్న మాట రాలె. కడుపుల సల్ల కదలకుండ కూసున్నదన్నవ్."