హనుమాన్ జంక్షన్ అమ్మాయి ఇంటర్వ్యూ

రెండు వేల దశకం మొదట్లో బెజవాడలో విదేశీ చదువుల కన్సల్టెన్సీలు వీధికొకటి వెలిశాయి. అలాంటి ఒకదానిలో, వచ్చినవాళ్ళకు సీటు వచ్చే అవకాశం ఎంతుందో తేల్చి చెప్పడం నా ఉద్యోగం. మా ఓనరు అందరికీ వస్తుందనే చెప్పేవాడు. నేను చాలామందికి రాదని చెప్పేదాన్ని. అందుకే నన్ను వెనక గదిలో కూర్చోబెట్టారు.

ఒకరోజు హనుమాన్ జంక్షన్ నుంచి ఒకమ్మాయి వాళ్ళ నాన్నగారితో వచ్చింది. అరిగిన లారీ టైర్లకు కొత్త రబ్బరు అతికించే రీబటన్ షెడ్డు వాళ్ళది. ఇంగ్లండులో ఎంబీయే చదవాలని ఆమె కోరిక. ఒక్కసారి ప్రయత్నించాలి, రాకపోతే మళ్ళీ ఆ మాట ఎత్తకూడదని ఆయన షరతు. ఆమె కాగితాలు చూసి నాకు నీరసం వచ్చింది. డిగ్రీ మార్కులు అంతంతమాత్రం, ప్రవేశపరీక్ష స్కోరూ అంతే. అనుభవమంటే సొంత షెడ్డులో జీతం లేని పని. కష్టమని మొహం మీదే చెప్పేశాను.

అయినా పట్టుబట్టి దరఖాస్తు పంపితే, అక్కడి కాలేజీవాళ్ళు ఫోనులో ఇంటర్వ్యూకు ఒక శుక్రవారం పిలిచారు; ఆ రోజు మధ్యాహ్నమే ఇద్దరూ మళ్ళీ వచ్చారు. ఆయన నమాజుకు వెళ్ళాక ఆ పిల్ల నోరు విప్పింది. ఆయన గుండె జబ్బుతో మంచం పట్టి షెడ్డు మూతపడబోతుంటే, చెరకు సీజన్లో తిరిగే ట్రాక్టర్ల కోసం ఉయ్యూరులో రెండో షెడ్డు పెట్టిందట. ఆడపిల్లతో బేరమేంటని లారీ ఓనర్లు మొహం తిప్పుకుంటే, వాళ్ళ ఇళ్ళకు వెళ్ళి ఆడవాళ్ళతో మాట్లాడి పని తెచ్చుకుందట. వింటూ వింటూ నేను నిటారుగా కూర్చున్నాను.

"ఇంటర్వ్యూలో ఇదే చెప్పమ్మా. నీకున్న ఛాన్సల్లా ఇదొక్కటే" అన్నాను.

"నాన్నగారి ముందు చెప్పలేనండీ. కూతురి కష్టం మీద బతుకుతున్నాడని జంక్షన్లో అందరూ అంటుంటే ఆయన అసలే నలిగిపోతున్నారు" అంది.

ఇంటర్వ్యూ ఆ సాయంత్రమే, ఓనరు గదిలోని స్పీకర్ ఫోనులో. కాసేపు బయట కూర్చోమని వాళ్ళ నాన్నగారిని బతిమాలాను.

"నేను వినకూడని మాటలేం చెప్తదండీ మా పిల్ల?" అని నవ్వి, ఆమె పక్కనే కుర్చీ వేసుకున్నారు. ఆయనకు ఇంగ్లీషు బాగానే అర్థమవుతుంది.

వ్యాపారం కష్టాల్లో పడ్డప్పుడు మీరేం చేశారని ఫోనులో ఒకావిడ అడిగింది. అమ్మాయి తండ్రి వైపు చూసింది. అన్నీ మా నాన్నగారే ఆలోచించారు, మంచం మీద నుంచి ఆయన చెప్పినట్టు చేశానంతే అంది. మరి రెండో షెడ్డు? అదీ ఆయన ఆలోచనే. ఆవిడ పాపం మరోలా తిప్పి అడిగింది. జవాబు మారలేదు. నాకు ఒళ్ళు మండింది. వెలిగిపోతున్న ఆయన మొహం చూశాక ఆ మంట ఎవరి మీద చూపాలో తెలియలేదు.

ఫోను పెట్టేశాక ఆయన కళ్ళు తుడుచుకున్నారు.

"విన్నారా మేడమ్ గారూ! ఒక్క మాటైనా తన గొప్ప చెప్పుకోలేదు. ఇలాంటి పిల్లకి సీటివ్వకపోతే ఇంకెవరికిస్తారండీ?" అంటూ ఆటో పిలవడానికి కిందికి దిగారు.

"ఇప్పుడు ఛాన్స్ ఎంతుందండీ?" అని అడిగింది అమ్మాయి.

"లేదమ్మా" అన్నాను. రోజూ అనే మాటే.

ఆమె తల ఊపి చున్నీ సర్దుకుంది. "నాన్నగారికి ఇప్పుడే చెప్పకండి మేడమ్. జబ్బు చేశాక ఆయన్ని ఇంత సంతోషంగా చూడటం ఇదే. ఉత్తరం వచ్చేదాకా అలా ఉండనివ్వండి" అని మెట్లు దిగింది.