చిన్నాయన్ను లెక్కలోకి తెచ్చుకోవడానికి తుమ్మలపల్లె దాకా

తుమ్మలపల్లె చూడడానికి ఎవరూ పనిగట్టుకుని బస్సెక్కరు. నేనూ మా రత్నమ్మ చిన్నమ్మా ఎక్కింది మా చిన్నాయన సుందరం కోసం. ఆయన అక్కడ ఒక కాంట్రాక్టరు నడిపే గని పనివాళ్ల క్యాంపులో వంట చేస్తాడు, మెస్ వెనక గదిలోనే ఉంటాడు. రెండు మూడు నెలలకోసారి కర్నూలు వస్తాడు. జనగణనకు వచ్చిన టీచరమ్మ "ఈ లెక్క ముగిసేలోగా ఆయన ఒక్కసారైనా ఇంటికొస్తాడా?" అని అడిగింది. రాకపోతే ఆయన్ను క్యాంపులోనే రాస్తారట, ఇక్కడ ఇంటి పెద్దగా చిన్నమ్మ పేరు రాసుకుంటారట. ఇంకొకరైతే సంతోషపడేవాళ్లు. చిన్నమ్మకు మండింది. "నా మొగుడు నా ఇంట్లో లేడని రాసుకుంటారా? చర్చిలో ఆడోళ్లకు తెలిస్తే ఏమనుకుంటారు పాపా? పద, పిల్చుకొద్దాం" అంది. ఆ వివరాలు చర్చికి చెప్పరన్నా వినలేదు.

తెల్లవారకముందే కర్నూలులో కడప ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు ఉచితం. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా ఐదు గంటల దారి. కడపలో ఇడ్లీ తిని పులివెందుల బస్సు పట్టుకుంటే ఇంకో రెండు గంటలు. అక్కడి నుంచి షేర్ ఆటో, సీటుకు నలభై రూపాయలు. దారిపొడవునా ఎండిన చెనక్కాయ చేన్లు, అరటి తోటలు. ఆటో డ్రైవరు అద్దంలో చిన్నమ్మ ముఖం చూసి, "ఎవురి కోసం పోతాండావమ్మా?" అన్నాడు.

"నా మొగున్ని పిల్చుకపోనీకి."

"అలిగొచ్చినాడా?"

"అలగలేదప్పా. లెక్కలో తప్పిపోతాండాడు."

మేం మెస్‌లో అడుగుపెట్టేసరికి జనగణన మాస్టరు బల్ల దగ్గర కూర్చుని ఫోన్లో చిన్నాయన వివరాలే ఎక్కిస్తున్నాడు. "పనికి ఎంత దూరం పోతావన్నా?" అని అడిగాడు. చిన్నాయన గరిటెతో వెనక గది తలుపు చూపించి, "ఆడ పండుకుంటా, ఈడ వండుతా" అన్నాడు. "అయితే ప్రయాణం లేదు" అన్నాడు మాస్టరు.

"ప్రయాణం లేదా!" చిన్నమ్మ గొంతుకు మెస్ అంతా తిరిగి చూసింది. "ఊరిబిండి పచ్చడి డబ్బా కట్టిచ్చి, బస్సెక్కించి, ఏడ్చుకుంటా ఇంటికి పోయేది నేను. ప్రయాణం లేదంట!"

మాస్టరు ఓపికగా చెప్పాడు: "ఈడుండేటోళ్లకు ఈ మంచమే ఇల్లమ్మా. ఈడినుంచే దూరం చూస్తాం. క్యాంపులు, హాస్టళ్లు, జైళ్లు, అన్నీ ఒక తీరే."

"జైలోళ్లతో కలిపినారా?"

మాస్టరు ఫోను కాస్త వెనక్కి జరుపుకున్నాడు. ఒక్క రాత్రి ఇంట్లో ఉన్నా అక్కడే రాయించుకోవచ్చని, ఇక్కడ రాయనని చెప్పాడు. ఇప్పుడు అడ్డుపడింది క్యాంపు చూసుకునే మేస్త్రీ. "సుందరన్న పోతే ఇంతమందికి సంగటి ఎవురు కెలకాల?" చిన్నమ్మ కొంగు బిగించింది. ఆ రాత్రికి సంగటి, పుంటికూర పప్పు తనే చేసింది, పొద్దున్నే గంగాళం నిండా చిత్రాన్నం కలిపిపెట్టింది. తర్వాతి పూటలు మీరే చూసుకోండంది. చిన్నాయన మేకుకున్న తెల్లచొక్కా తీసి వేసుకున్నాడు. "ఎప్పుడూ బస్సెక్కించేదే గానీ, పిల్చుకపోనీకి రావడం ఇదే మొదలు మేస్త్రీ. పోతా" అన్నాడు. ఆ మాటకు మేస్త్రీ పక్కకు జరిగి దారిచ్చాడు. చిన్నమ్మ మాత్రం గంగాళం మూత సరిచేస్తున్నట్టు అటు తిరిగింది.

మర్నాడు రాత్రి చిన్నాయన ఇంట్లోనే పడుకున్నాడు. పొద్దున టీచరమ్మ మళ్లీ వచ్చింది. ఇంటికీ పనికీ దూరం? రెండొందల కిలోమీటర్లకు పైనే. ఎలా వెళ్తారు? బస్సు. రోజూనా అని ఆమె ఫోను అడగలేదు, మేమూ చెప్పలేదు. టీచరమ్మ నవ్వాపుకోలేకపోయింది. చిన్నమ్మ నవ్వలేదు. "సర్కారోళ్లు రాసుకున్నంక రాకుంటే ఎట్లయ్యా? నెలకొకతూరన్నా రావాల" అంది. ఆయన సరేనన్నాడు.

ఒకే మనిషి, ఒకే పొయ్యి. క్యాంపులో రాస్తే ఆయన ప్రయాణం సున్నా, ఇంట్లో రాస్తే రెండొందల పైచిలుకు. రెండూ అబద్ధం కాదు. హాస్టళ్లలో, క్యాంపుల్లో ఉండేవాళ్ల ఇల్లు ఎక్కడుందన్నది చివరికి ఎవరు వచ్చి తీసుకెళ్తారన్నదాన్ని బట్టి ఉంటుందేమో అనిపించింది. మీరు అటు వెళ్లేట్టయితే ఒక్క సలహా: నెలాఖరు ఆదివారం భోజనం పులివెందులలోనే కానిచ్చేయండి. ఆ రోజు తుమ్మలపల్లె క్యాంపులో వంటాయన ఉండడు.