దబ్బనమక్క అడిగిన ఫ్యాను

మా పరుపుల షెడ్డులో ఆమెను అసలు పేరుతో ఎవరూ పిలవరు. దబ్బనమక్క అంటేనే పలుకుతుంది. పరుపులు కుట్టే దబ్బనం ఆమె చేతిలో ఉంటుంది, అంతకంటే వాడైనది నోట్లో ఉంటుంది. తల్లి పోయాక చెల్లెళ్లిద్దరినీ ఆ దబ్బనంతోనే చదివించింది. తన పెళ్లి మాట మాత్రం ఎవరినీ ఎత్తనివ్వలేదు. ఎవరైనా అడిగితే, "నన్ను భరించేవాడు ఇంకా పుట్టలేదులే, పుట్టాక చూద్దాం" అంటుంది. నేను ఆమె పక్కనే కూర్చుని కుడతాను. రోజూ ఆమె చేత నాలుగు తిట్లు తినకపోతే నాకు పని చేసినట్టే ఉండదు.

మాది రేకుల షెడ్డు. వేసవిలో లోపల నిప్పుల కుంపటి. నిరుడు దూది ఏకే ఆమె స్పృహ తప్పి పడిపోతే, మిషను చప్పుడులో చాలాసేపు ఎవరమూ చూడలేదు. ఆమె మళ్లీ మనిషి కాలేదు. అప్పటినుంచి దబ్బనమక్క ఫ్యాను కోసం ఓనరు వెంటపడింది. ఫ్యాను పెడితే దూది ఎగురుతుందని ఆయన సాకు. "లోపల తిరిగేది కాదు సార్, గోడకి పెట్టి వేడిగాలి బయటికి లాగేది పెట్టించండి" అని ఈమె పట్టు. చూద్దాం, చూద్దాం అంటూ ఏడాది గడిపేశాడు.

ఈ వేసవిలోనూ ఫ్యాను రాలేదు, కెమెరా వచ్చింది. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలకు సెలవుల్లో పరిశోధన నేర్పుతారట. అందులో ఒకమ్మాయి మా షెడ్డుకొచ్చి, వేడిని చూసే కెమెరా గోడకు బిగించింది. ఎవరైనా పడిపోతే ఓనరు ఫోను మోగుతుందట. పైసా ఖర్చు లేదు కాబట్టి ఓనరు మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు.

ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌లో మమ్మల్ని మాకే చూపించింది. పైన రేకులు తెల్లగా మెరిసిపోతున్నాయి, కింద మేమంతా ఎర్రటి ముద్దలం.

"ఎంత బాగా వచ్చిందో చూడండి ఆంటీ."

"బాగానే ఉంది తల్లీ. ఇంత వేడి ఉందని తెలిసిందిగా, ఇప్పుడేం చేస్తారు?"

"రికార్డు చేస్తామండి."

దబ్బనమక్క నా వైపు చూసింది. నాకు నవ్వు రాలేదు.

మర్నాటినుంచి ఓనరు ఫోను ఒకటే మోత. మేము నేలమీద కూర్చుని కుడతాం. కెమెరాకు నేర్పిన బొమ్మల్లో అందరూ నిలబడో, కుర్చీల్లోనో ఉన్నారట. నేలమీద మనిషి కనబడితే చాలు, దాని లెక్కలో పడిపోయినట్టే. ఓనరు పరుగున వచ్చి మామీద ఎగిరాడు, మేమేదో కావాలని చేసినట్టు.

"మేం పడేవన్నీ దానికి తెలిస్తే ఇంకెక్కడ ఆగుతుంది సార్" అంది దబ్బనమక్క. "మాటలు పడుతున్నాం, పాట్లు పడుతున్నాం. మోగనివ్వండి."

మోగనివ్వలేదు. ఆయన విసుగు చూసి ఆ అమ్మాయి కెమెరాను సరిచేసింది. నేలమీద దేనికైనా ఆనుకుని ఉన్న మనిషి ఇక కూర్చున్నట్టే లెక్క.

ఒక మధ్యాహ్నం దబ్బనమక్క తిట్లు ఆగిపోయాయి. తలెత్తి చూస్తే దూది మూటకు చేరగిలబడి ఉంది, కళ్లు తేలేసింది. ఒళ్లు కాలిపోతోంది. నేను కేకలు పెట్టాను. అందరం కలిసి బయటికి మోసి, నీళ్లు కుమ్మరించి, ఆస్పత్రిలో చేర్చాం. ఓనరు ఫోను మోగనే లేదు. తర్వాత చూస్తే, ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌లో దబ్బనమక్క బొమ్మ పక్కన "కూర్చున్నారు" అనే ఉంది.

బతికింది. ఆ అమ్మాయి ఆస్పత్రికొచ్చి ఏడ్చింది. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఆ బొమ్మ వాడుకోవచ్చా అని అడిగింది. వాళ్ల సార్ అడగమన్నారట. అలాంటి బొమ్మ దొరకడం చాలా అరుదట. నాకు ఒళ్లు మండిపోయింది. చేతిలో గ్లాసు విసిరేద్దామనుకున్నాను. దబ్బనమక్క మాత్రం, "వాడుకో. చూపించే రోజు నన్నూ పిలువు" అంది.

పిలిచింది. వాళ్ల కాలేజీ ఏసీ హాల్లో చలికి మేమిద్దరం కొంగులు భుజాల చుట్టూ కప్పుకున్నాం. తెరమీద దబ్బనమక్క ఇంతెత్తున, ఎర్రగా, చేరగిలబడి ఉంది. తల వాలిపోయినా ఇప్పుడు కెమెరా కనిపెడుతుందని ఆ అమ్మాయి చెప్పగానే చప్పట్లు. షెడ్డు ఇచ్చి సహకరించినందుకు ముందు వరసలో కూర్చున్న మా ఓనరుకూ చప్పట్లు. ప్రశ్నలేమైనా ఉన్నాయా అన్నారు.

దబ్బనమక్క లేచింది. "ఫ్యాను పెట్టించారా?"

"అది మా ప్రాజెక్టులోకి రాదండీ" అంది అమ్మాయి మెల్లగా.

"నేనొచ్చాను కదమ్మా."

ఓనరు వెనక్కి తిరగలేదు. ఆయన మెడమీద ఒక్క చెమట చుక్క కూడా లేదు.