గుంతలో మీటరు, గట్టున నేను

ఆ రోజుల్లో మా రాజంపేట చుట్టాల లెక్కలో సాఫ్ట్‌వేరు ఉద్యోగమంటే ఏసీ గదిలో కూర్చుని చేసేది. నాది మాత్రం గుంతలో దిగి చేసేది. బెంగుళూరులో ఒక చిన్న కంపెనీ. నీళ్ళ మీటర్ల లోపల ఉండే బుల్లి చిప్పుకి ప్రోగ్రాము రాయడం నా పని. మీటరు ఎన్ని లీటర్లు పోయాయో లెక్కపెట్టి, తీగల్లేకుండా గాల్లోంచి ఆ అంకెను పంపిస్తుంది. ఈ సంగతి పెళ్ళిళ్ళలో ఎంత వివరించినా, చివరికి "అంటే కొళాయిలు రిపేరు చేస్తావా పాపా?" అనే అడిగేవాళ్ళు. (ఇప్పుడు ఆలోచిస్తే, వాళ్ళు మరీ తప్పేమీ అనలేదు.)

మా మీటర్లను మొదటిసారి ఒక ఊళ్ళో పెట్టి చూడాలన్నప్పుడు ఆలూరు దొరికింది. "మీది రాయలసీమే కదా, మీరే వెళ్ళండి" అన్నాడు మా బాసు. రాజంపేటకీ ఆలూరుకీ మధ్య ఎంత దూరమో, ఎంత యాస తేడానో ఆయనకేం తెలుసు! అక్కడ మా అమ్మ పిన్ని కూతురు, నాకు చిన్నమ్మ, ఉండటం నా అదృష్టం. ఆమె వీధిలోనే మీటర్లు బిగించాం. వాటి మాటలు వినే పెట్టెను ఆమె మిద్దె మీద పెట్టాం. నేను వసారాలో లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. అంకెలు పచ్చగా వచ్చాయి. నా అంత తెలివైనది ఈ భూమ్మీద లేదనిపించింది.

ఆ వీధికి నీళ్ళు వారానికోసారి వచ్చేవి. నీళ్ళు వచ్చిన రోజు నా తెలివి కాస్తా బయటపడింది. కొళాయి తిప్పగానే మీటర్లన్నీ ఒకదాని తర్వాత ఒకటి మూగబోయాయి. నీళ్ళు ఆగిపోయాక మళ్ళీ మాట్లాడాయి. ప్రోగ్రామంతా తిరగరాశాను, బ్యాటరీలు మార్చాను. తర్వాతి వారమూ అదే వరస. బాసు ఫోన్లో చాలా మర్యాదగా అన్నాడు: "అంటే, నీళ్ళు రానప్పుడు మాత్రమే పనిచేసే నీళ్ళ మీటరు తయారుచేశారన్నమాట. ఇంకో రెండు వారాలు చూద్దాం. తర్వాత నేనే వస్తాను. అప్పటికీ అంకెలు రాకపోతే దీన్ని సీనియర్లకి ఇచ్చేసి, మీరు మాన్యువల్స్ రాద్దురుగాని." నా మొదటి సొంత డిజైను అది. మాన్యువల్ రాసేవాళ్ళ మూల మా ఆఫీసులో బాత్రూం పక్కన ఉండేది.

తర్వాతి నీళ్ళ రోజు నేను తల పట్టుకుని తెర ముందు కూర్చుంటే చిన్నమ్మకు ఒళ్ళు మండింది.

"ఏం మే, ఆ పెట్టెను చూస్తాంటే కడుపు నిండుతాదా? మన వంతు వచ్చింది. ల్యా, బిందె పట్టు."

అక్కడ నీళ్ళు బలంగా రావు. అందుకని గొట్టాన్ని నేలకంటే కిందకి కోసి, చుట్టూ గుంత తవ్వి, ఆ గుంతలోకి బిందె దించి పట్టుకుంటారు. మా మీటరు కూడా ఆ గుంతలోనే, గొట్టానికి బిగించి ఉంది. నాలుగిళ్ళకో గుంత. వంతులు చూసేది ఒక ముసలామె. వీధంతా లైనవ్వ అనేవాళ్ళు. నేను లాప్‌టాప్‌ను గట్టు మీద పెట్టి, ఇంత లావు స్టీలు బిందెను గుంతలోకి దించాను. తెర మీద అంకె మాయమైంది. బిందె ఎత్తాను. అంకె వచ్చింది. దించాను. పోయింది. ఎత్తాను. వచ్చింది! నా మీటరు నోటికి అడ్డం పడింది ఆ స్టీలు గోడే. ఆఫీసులో మేం పరీక్షించింది ప్లాస్టిక్ మగ్గుతో.

"యోవ్, ఎవురీ పిల్ల! బిందెకు ఊయాల ఊపుతాండాది!" లైనవ్వ కేకేసింది. "నీళ్ళు మట్టిపాలయితాండాయి, కండ్లు కనపడలేదా?"

"అవ్వా, దొరికిందవ్వా! స్టీలు బిందెలే అడ్డం. మీరంతా ప్లాస్టిక్‌వి పెట్టుకుంటే..."

లైనవ్వ తన బిందెను చంకనెత్తుకుంది.

"ఇది నా కోడలు సారెలో తెచ్చిన బిందె. నీ పెట్టెకు సిగ్గయితాదని దీన్ని అటకెక్కియ్యాల్నా? దుడ్లు పెట్టి కొత్తవి నువ్వు కొనిస్తావా?"

ఆమె అడిగింది న్యాయమే. బిందెలు మారవు, మారాల్సింది నేను. ఆ వారమంతా గుంతల్లో దిగి, మీటరు నుంచి ఒక సన్నటి తీగ పైకి లాగి, యాంటెన్నాను గుంత పక్కన పాతిన కందికట్టె కొనకు కట్టాను. కట్టెలిచ్చింది లైనవ్వే. "చిన్నపిల్ల, ఏడ్చేట్టుండాది" అందట చిన్నమ్మతో.

బాసు కారు దిగేసరికి వీధంతా బిందెలు. అదే సమయానికి ఎవరో ఇల్లాలు తడి తువ్వాలు తెచ్చి ఒక కందికట్టె మీద ఆరేయబోయింది. తడిగుడ్డ కప్పితే యాంటెన్నా మళ్ళీ మూగబోతుంది. నాకంటే ముందు లైనవ్వే గర్జించింది: "దాని మింద గుడ్డేసినావంటే ఈ వారం నీది ఆఖరి బిందె!" తువ్వాలు వెనక్కి వెళ్ళిపోయింది. కొళాయిలు తిరిగాయి. బిందెలు గుంతల్లోకి దిగాయి. తెర మీద అంకెలు పచ్చగా, ఒక్కటీ తప్పిపోకుండా పెరిగాయి.

బాసు కట్టెను ఒకసారి ఊపి చూశాడు. "ఈ డిజైన్ ఎవరిది?"

"నాదే సార్."

"కట్టె నాది సామీ," అంది లైనవ్వ. "మా కంది చేన్లోది."

(తర్వాత కంపెనీ దీనికి పేటెంటు అడిగింది. అందులో కందికట్టె అన్న మాట లేదు. లోహం కాని నిలువు ఆధారం అని ఉంది. లైనవ్వ పేరూ లేదు.)

ఆ సాయంత్రం అమ్మకు ఫోన్ చేసి, "అమ్మా, నా మీటరు పనిచేసింది!" అని అరిచాను.

"మంచిది నాయనా. అయితే ఇంక వాళ్ళకు రోజూ నీళ్ళొస్తాయా?"

"లేదమ్మా. వచ్చిన నీళ్ళు ఎన్నో తెలుస్తుంది, అంతే."

"అవి ఎన్నో, మోసే వాళ్ళకు తెలీదామ్మే?" అంది అమ్మ. నేను ఫోన్ పెట్టేసి, అన్నం తిని, చిన్నమ్మ మిద్దె మీద చాప పరుచుకుని పడుకున్నాను. ఆ పూట గాలి ఎక్కువగా ఉంది. వీధి పొడుగునా కందికట్టెలు ఊగుతున్నాయి. నా ఉద్యోగమంతా వాటి కొనల మీదే ఉంది. అయినా తెల్లారేదాకా ఒక్కసారి కూడా లేచి చూడలేదు. ఇప్పుడు మా పాప పక్కన పడుకుని, దుప్పటి కప్పుకుందో లేదోనని గంటకోసారి లేచి తడిమి చూసే నాకు, మిద్దె మీద పడుకున్న అప్పటి ఆ పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది. కొంచెం కుళ్ళుగానూ ఉంటుంది. అంత గాలిలో ఎంత బాగా నిద్రపోయిందో!