అమ్మ కుట్టు మిషన్ మోటారు

నిన్న ఆరాంఘర్‌లో ఒక దుకాణంలో కుట్టు మిషన్ మోటారు చూశాను. దాని మీద వంద వాట్లు అని రాసి ఉంది. అంటే పది గంటలు నడిస్తే కాలేది ఒక్క యూనిట్. ఆ లెక్క తట్టాక ఇక అక్కడ నిలబడబుద్ధి కాలేదు.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, పాత కరెంటు మీటర్లో ఎర్ర గుర్తుతో తిరిగే చక్రం. శంషాబాద్‌లో మేము కిరాయికున్న ఇంట్లో అది తలుపు పక్కనే ఉండేది. అమ్మ ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. బిల్లు ఎక్కువొచ్చినప్పుడల్లా ఇంటి ఓనరు, "మిషన్‌కు మోటరు పెట్టుకున్నరు గద, కరెంటంత గదే తింటుంది" అనేవాడు. అమ్మ నమ్మింది. మోటారు విప్పి అమ్మేసి, కాళ్లతో తొక్కడం మొదలుపెట్టింది. బిల్లు మాత్రం తగ్గలేదు.

ఒక ఆదివారం ఇంట్లో అన్నీ ఆపేసి చూస్తే కూడా చక్రం జోరుగా తిరుగుతోంది. ఓనరు వాళ్ల ట్యాంకు నిండి, బోరు మోటారు ఆగగానే అదీ ఆగింది. బోరుకు తీగ మా మీటరు నుంచే లాగాడు.

మా బాపు వెళ్లి అడిగితే ఓనరు తలైనా ఎత్తలేదు. "ఇష్టముంటే ఉండుర్రి, లేకుంటే ఖాళీ చెయ్యుర్రి" అన్నాడు.

మా చదువులు పాడవుతాయని బాపు ఊరుకున్నాడు. అమ్మ తొక్కుతూనే ఉంది.

ఇప్పుడు అమ్మ మోకాళ్లు అరిగిపోయాయి. మొన్న దవాఖానలో డాక్టరు, "ఏం పని చేసేవారమ్మా?" అని అడిగాడు.

"ఏం పని లేదు సారూ, ఇంట్లనే ఉంటుంటి" అంది అమ్మ.